తొందరేం లేదు

"డాక్టరుగారూ, ఒక్కసారి ఇటు చూడండి."

డాక్టరు చూడలేదు. ఆయన కళ్ళు కంప్యూటరు తెరకి అతుక్కుపోయి ఉన్నాయి.

రోగి లోపలికి అడుగుపెట్టగానే తెర మూలన గడియారం మొదలవుతుంది. అది ఎర్రబడిందా, పైవాళ్ళ నుంచి ఫోను! పొద్దున్నే ఒకసారి చీవాట్లు తిన్నాడు. అప్పట్నుంచి ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉన్నాడు పాపం.

"వింటూనే ఉన్నానమ్మా, చెప్పండి."

"గొంతు బొంగురుపోయి నెల దాటింది. పోయినసారి మీరిచ్చిన మందులన్నీ వాడాను. ఏం తగ్గలేదు." ఆ పెద్దావిడ మాటలో సగం గాలే. "నా బతుకంతా ఈ గొంతులోనే ఉంది బాబూ. లోపల ఏముందో చూడండి."

చూడాలంటే గొంతు డాక్టరు దగ్గరికి పంపాలి. పంపాలంటే తెర మీద బోలెడు ప్రశ్నలు తెరుచుకుంటాయి. గడియారం అప్పటికే పసుపురంగుకి తిరిగింది.

ఆయన 'మామూలు గొంతునొప్పి' అన్నచోట నొక్కేశాడు.

"ఇవే ఇంకో వారం వాడండి. మాట్లాడటం తగ్గించండి."

"అదొక్కటే నా వల్ల కాదు!" నవ్వబోయి దగ్గింది ఆవిడ.

ఏం పని చేస్తారమ్మా అని ఆయన అడగలేదు. అడగడానికి టైమేదీ?

ఇంటికెళ్ళినా అదే గోల. తలుపు తెరవాలంటే ఫోను, ఫ్యాను తిరగాలంటే ఫోను.

"ఇల్లు కట్టమంటే కంట్రోల్ రూము కట్టారు," అని దెప్పుతుంది భార్య.

వాటన్నిట్లో ఆయనకి నచ్చింది ఒక్కటే, పాప మంచం పక్కన ఉండే కథలపెట్టె. సొంత అమ్మమ్మని ఎరగని పాప, దాన్నే అమ్మమ్మ అంటుంది.

"అమ్మమ్మా, కథ!"

"తొందరేం లేదు బంగారం. ముందు కళ్ళు మూసుకో," అంటుంది పెట్టె, వెన్నలాంటి గొంతుతో.

డాక్టరు గడపలోనే కూలబడి వింటాడు. రోజంతా ఉరుకులు పెట్టిన ప్రాణం ఆ ఒక్క మాటకి నెమ్మదిస్తుంది.

వానలు వెలిశాక ఒకరోజు గొంతు డాక్టరమ్మ ఫోను చేసింది.

"గొంతు బొంగురుపోయిన మీ పేషెంటు, ఒక పెద్దావిడ, నేరుగా నా దగ్గరికే వచ్చేసిందండీ. స్వరపేటికలో గడ్డ, బాగా ముదిరిపోయింది. మొత్తం తీసేయాల్సి వచ్చింది."

"నేను ముందే పంపి ఉంటే?"



"గొంతు దక్కేదేమో."

 గడియారం ఎర్రబడితే పడనీ అనుకుని డాక్టరు ఆవిడ ఉన్న వార్డుకి పరుగెత్తాడు.

మంచం మీద ఆవిడ. మెడకి కట్టు. పక్కన కూతురు.

"తప్పయిపోయిందమ్మా. ఆరోజు మీ మొహం కూడా చూడలేదు నేను..." మంచం పక్కన నిలబడే అన్నాడు.

ఆవిడ ఫోను అందుకుని నెమ్మదిగా ఏదో టైపు చేసింది.

"రాసింది ఫోనే చదివి వినిపిస్తుంది డాక్టర్," అంది కూతురు. "అమ్మ పాత గొంతే. తను పనిచేసిన కంపెనీవాళ్ళు పెట్టిచ్చారు."

ఫోను పలికింది.

"తొందరేం లేదు బాబూ. ముందు కూర్చోండి."

రోజూ రాత్రి తన పాపని నిద్రపుచ్చే అమ్మమ్మ, మాట లేకుండా పడుకుని ఆయన వంకే చూస్తోంది.