ముందు నా కొడుక్కే

"ముందు నా కొడుక్కు ఎయ్యి బిడ్డా, ఎనుక నాకు" అంటూ జానమ్మ చేయి వెనక్కి లాక్కుంది.

సూది పట్టుకున్న నర్సు కోమల ఆగిపోయింది. కాశీయాత్రకు పేర్లిచ్చి ఊరి ఆసుపత్రి వరండాలో కూర్చున్న నలభైమంది ముసలీముతకా ఒక్కసారిగా ఆమె కొడుకు దామోదర్ వైపు తిరిగారు.

యాత్ర పెట్టింది అతనే. బస్సు మాట్లాడింది అతనే. "ఫ్లూ సూది ఏయించుకోనోళ్లు బస్సెక్కొద్దు, కన్నతల్లయినా సరే!" అని నిన్న మైకులో గొంతు చించుకున్నదీ అతనే. ఇప్పుడు ఆ కన్నతల్లే సూది వద్దని ఇంట్లో కూర్చుంటే, ఊళ్లో తల్లులందర్నీ కాశీకి తిప్పి సొంత తల్లిని వదిలేశాడని ఇంటింటా చెప్పుకుంటారు. అతను నిలబడుతున్న సర్పంచ్ ఎన్నికలు నెలన్నరలో ఉన్నాయి మరి.

తను ముందు సూది వేయించుకుంటే సరిపోయేది. కానీ మనిషి చూస్తే ఆరడుగులు, మీసం చూస్తే పొట్టేలు కొమ్ము, సూది పేరు చెబితే మాత్రం గోడ దూకి పారిపోతాడు.

"నాకెందుకే అమ్మా? రాయి లెక్క ఉన్న."

"రాయికి దగ్గెందుకొస్తదిరా? సున్నపురాయి లారీల ఎంబడి తిరిగి తెల్లందాక దగ్గుతనే ఉంటవ్."

కోమల అందుకుంది. "మీరూ పోతున్నరు గదన్నా. రెండు దినాలు బస్సుల, ఆడ లైన్లల్ల, ఒకరి మీద ఒకరు దగ్గుతరు. ఒక్కరికి ఫ్లూ ఉంటే బస్సందరికి అంటుకుంటది. సూది పని చెయ్యాలంటే రెండు వారాలు కావాలె, బస్సు గూడ రెండు వారాలకే, అందుకే గీ రోజే ఏయించుకోవాలె. బస్సు కిటికీలు తెరిచి పెట్టుకోండ్రి. చేతులు కడుక్కోండ్రి. గుంపుల మాస్కు తియ్యకుండ్రి."

"మాస్కులు నేనే ఇచ్చిన" అన్నాడు దామోదర్ దర్జాగా.

ఇచ్చిన మాట నిజమే. ప్రతి మాస్కు మీదా నమస్కారం పెడుతున్న అతని ఫొటో ఉంది. వరండా అంతా నలభై దామోదర్‌లు ముడతలుపడి కూర్చున్నారు.

"పోయినసారి మా దశరథమన్న గూడ రాయి లెక్క ఉన్న అన్నడు. నిమ్ము పట్టి కాశీలనే పాయె" అన్నాడు వరుసలో ముందున్న బీరన్న.

"కాశీల పోతే సీదా కైలాసమే గద కాకా!" అన్నాడు దామోదర్.

"అయితే నువ్వే ముందు పో. సూది గంత మంచిదైతే నువ్వెందుకు ఎన్కకు గుంజుతున్నవ్? నువ్వు ఏయించుకున్నంకనే మేము."

దామోదర్ కోమలను మందుల బీరువా చాటుకు పిలిచాడు. గొంతు తగ్గించాడు. "చెల్లె, జర ఇజ్జత్ కాపాడు. మూత తియ్యకుంట చేతికి ఆనియ్యి చాలు, ఫొటో దిగుత. నన్ను జూసి అందరు ఏయించుకుంటరు. నీ పని గూడ అల్కగైతది."

"రిజిస్టర్‌ల మీ పేరు రాయనన్నా."

"రాయకు. ఎవలు చదువుతరు?"

కోమలకు ఒళ్లు మండింది. కానీ నలభైమందికి సూది పడితే చాలనుకుని తలూపింది.

దామోదర్ కుర్చీలో కూర్చుని చొక్కా చేయి మడిచాడు. మూత కండకు ఆనగానే పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. బావమరిది పరశురాములు ఫొటో తీసి, 'మన నాయకుడు - మొదటి సూది' అని రాసి యాత్ర గ్రూపులో పెట్టేశాడు.

"చీమ కుట్టినంత గూడ లేదు!" అని ప్రకటించాడు దామోదర్ లేచి.

వరండాలో ఫోన్లు మోగాయి. బీరన్న ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు.

"గీ నీలం మూతేందిరా పరశురాములు?"

"అది... మందు రంగు కాకా."

ఫోను చేతులు మారింది. "మాగ్గూడ మూతున్న సూదే ఎయ్యి బిడ్డా, నొయ్యదంట!" అన్నాడు బీరన్న. వరండా అంతా పగలబడి నవ్వింది.

జానమ్మ నవ్వలేదు. లేచి చెప్పులు తొడుక్కుంది. "కొడుకే నమ్మని మందు నాకెందుకు? నేను కాశీకి రాను. మీరు పోయిరాండ్రి."

పదేళ్లుగా గంగ గంగ అని పలవరించిన మనిషి ఆమె. మెట్లు దిగుతున్న తల్లిని చూసి దామోదర్‌కు సిగ్గేసింది. ఎన్నికలు గుర్తుకురాని సిగ్గు అతనికి ఇదే మొదటిసారి.

"ఆగవే అమ్మా!" అని కుర్చీలో కూలబడి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "మూత తీసి ఎయ్యి చెల్లె. నిజంగనే ఎయ్యి."

కోమల వేసింది.

"ఓరి నాయినో!" అన్న కేకకు రోడ్డు మీద పోతున్న లారీ బ్రేకు వేసింది. దామోదర్ కళ్లవెంట బొటబొటా నీళ్లు కారాయి. అతను మైకు ముందు పెట్టే ఏడుపు ఊరందరికీ తెలుసు. ఇది అది కాదు.

"ఏడ్చిండంటే అసలు సూదే" అన్నాడు బీరన్న, చొక్కా చేయి మడుచుకుంటూ. మిగతావాళ్లు అతని వెనుక వరుస కట్టారు.

దామోదర్ తల్లి చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాడు. ముక్కు తుడుచుకుంటూ కుర్చీ చూపించాడు. "ఇగ కూసో అమ్మా. నీ వంతు."

కోమల కొత్త సూది మూత తీసింది.

"నాకెందుకు బిడ్డా, పది దినాల కిందనే కోదాడ దవాఖానల ఏయించుకున్న" అంది జానమ్మ తాపీగా. "వీనికి ఏయించనీకెనే గింత యాతన."