మూడేళ్లు కాచుకున్న కుర్చీ

అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం కుర్చీలో కూర్చున్నవాళ్లు ఏం అడిగినా అవధాని కోప్పడకూడదు, లేచిపోకూడదు. నవ్వించి తప్పించుకోవాలి. ప్రొద్దుటూరు సభలో ఆ కుర్చీ కోసం నాగరత్నమ్మ మూడేళ్లు కాచుకుంది.

అవధాని శేషఫణి మూడో పద్యం ఎత్తుకోగానే అడ్డం తగిలింది.

"శేషఫణీ, మా నాయన పద్యాల నోటుబుక్కు అచ్చేయిస్తానని తీసకపోతివే, యాడ పెట్టినావప్పా?"

సభంతా గొల్లున నవ్వింది. ఇలాంటి కొంటె ప్రశ్నల కోసమే వాళ్లు వచ్చారు.

"చెదలు తినేసినాయక్కా," అతనూ నవ్వాడు.

"చెదలు తిన్న పద్యాలు నీ పేరుతో పుస్తకం ఎట్లయినాయి?"

చప్పట్లు పడ్డాయి. శేషఫణి మాత్రం నవ్వలేదు.

నాగరత్నమ్మ ఆ పుస్తకంలోని మొదటి పద్యం ఎత్తుకుంది. రెండో పాదం వెనక వరసల్లోంచి వచ్చింది. జమ్మలమడుగు నుంచి ఆమె వెంట బస్సులో వచ్చిన ఇరవై మంది ముసలి రైతులు, కూలీ ఆడవాళ్లు గొంతు కలిపి పద్యం పూర్తిచేశారు.

శేషఫణి తేరుకుని సభకు చేతులు జోడించాడు. "చూశారా, నా పుస్తకం పల్లెల్లో కూడా ఎంత బాగా చదువుతున్నారో!"

వెనక ఒక ముసలామె లేచింది.

"మాకు సదువు రాదు సామీ. ఈ పద్యం ఆయమ్మ నాయన అరుగు మీద కూసోబెట్టి మాకు నోటికి నేర్పినాడు. అప్పుడు నువ్వు మా పక్కనే కూసోని, మూడో పాదం మర్చిపోయి చెవి పిండించుకుంటాంటివి గదా!"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

నాగరత్నమ్మ కుర్చీలో వెనక్కి వాలింది.

"ఊఁ, నీ పద్యం కానీయప్పా. నాది అప్రస్తుతమేలే."