కుడి పాదం మీద

వీధంతా సద్దుమణిగినా దర్జీ ఆవిడ గదిలో కుట్టు మిషన్ చప్పుడు ఆగలేదు. తెల్లారేసరికి ఇవ్వాల్సిన పరదా అంచు ఇంకా మూరెడు మిగిలి ఉంది.

మంచినీళ్ళకు లేచిన అక్క గుమ్మంలో ఆగింది.

"ఇంకా ఒంటి కాలితోనే తొక్కుతున్నావేంటే?"

పన్నెండేళ్ళ అలవాటు మరి. ఆమె మిషన్ ముందు కూర్చుంటే చాలు, వాళ్ళ కుక్క బుడ్డోడు బల్ల కిందికి దూరి, ఆమె కుడి పాదం మీద గడ్డం ఆనించి నిద్రపోయేవాడు. వాడికి నిద్ర చెడుతుందని ఆమె ఎడమ కాలితోనే తొక్కేది. మిషన్ ఆగిందో, షికారుకి వేళయిందని వాడు లేచి వీధి తలుపు దగ్గరికి వెళ్ళిపోయేవాడు. వాడు చనిపోయి తొమ్మిది రోజులైంది.

"రెండో కాలూ పెట్టు. తొందరగా అయిపోతుంది," అని అక్క వెళ్ళి పడుకుంది.

ఆమె కుడి కాలు ఎత్తబోయింది. లేవలేదు. పాదం మీద బరువుగా, వెచ్చగా ఏదో ఉంది. అది ఒకసారి నిట్టూర్చి, కాస్త సర్దుకుని, మళ్ళీ కుదురుకుంది.

ఆమె కిందికి చూడలేదు. వీధి తలుపు వైపు మాత్రం ఒకసారి చూసింది.

పరదా అంచు అయిపోయింది. కుట్టిన చోటే మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి దారమూ అయిపోయింది. ఉత్త సూది గుడ్డకు చిల్లులు పొడుస్తూ పోతోంది.

"అయిందా?" లోపలి గదిలోంచి అక్క అడిగింది.

"ఇంకొంచెం ఉందక్కా," అంది, ఎడమ కాలు ఆపకుండానే.