ఇరవైతొమ్మిదో నంబరు సీసా

దానం చేతికి ఎగ్జిట్ కాగితం వచ్చింది. స్థానికులకే కొలువులన్న నితాకత్ లెక్కలో అతని ఉద్యోగం ఇక సౌదీ వాళ్లది. పది రోజుల్లో దేశం వదలాలి.

జెద్దాలో సర్కారు సొమ్ముతో నడిచే క్యాన్సర్ పరిశోధన ల్యాబులో అతని పని. రోగుల కణుతుల నుంచి తీసిన కణాలు అక్కడ సీసాల్లో పెరుగుతుంటాయి. వాటిని ఒంటి వేడి ఉండే పెట్టెలో ఉంచాలి. రెండ్రోజులకోసారి పాత ద్రవం తీసి కొత్తది పోయాలి. అందరూ దాన్ని ఫీడింగ్ అంటారు. దానం మాత్రం అన్నం పెట్టడం అంటాడు.

శుక్రవారం సెలవని తెలుగువాళ్లంతా షరఫియా బజారులో కలుసుకుంటే, అతను ల్యాబుకొస్తాడు. ఖమీస్ ముషైత్‌లో ఇంతకన్నా మంచి ఉద్యోగం వదులుకుని ఈ ఊరు వచ్చాడట. ఎందుకో చెప్పడు. కుటుంబాల మీద లెవీ పన్ను పడ్డాక చాలామంది భార్యాపిల్లల్ని ఇండియా పంపేశారు. ఒంటికాయ శొంఠికొమ్ము, అతనికి ఆ బెడదా లేదు. చూస్తే జాలేస్తుంది, పలకరిస్తే విసుగొస్తుంది.

"ఈ ల్యాబునే కట్టేసుకున్నారేంటండి దానం గారూ" అనేవాడు స్టోరు చూసే పాలకొల్లు నోయెల్. దానం నవ్వేవాడు కాదు.

కొత్తగా చేరిన హలీమాకు పని అప్పజెప్పాడు. తక్కిన సీసాల సంగతి గంటలో తేలిపోయింది. ఇరవైతొమ్మిదో నంబరు దగ్గర రెండు పూటలు పట్టింది. పెట్టె తలుపు ఎక్కువసేపు తీయొద్దన్నాడు, కుదపొద్దన్నాడు. ఆ ప్రాజెక్టు ఎప్పుడో అయిపోయిందనీ, వచ్చే నెల పారేద్దామనీ అంది హలీమా.

దానం పెట్టె తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"పారేయొద్దమ్మా. ఈ దేశాన్ని నేను ఇంకేమీ అడగలేదు."

పని పోయిన మనిషి బెంగ అనుకుంది హలీమా. తానే చూసుకుంటానని, శుక్రవారాలూ వస్తానని మాటిచ్చింది. దానం కళ్లు తుడుచుకున్నాడు. ఇన్నాళ్లకు కడుపు నిండా తిన్నాడు ఆ పూట.

ఎయిర్‌పోర్టుకు నోయెల్ దిగబెట్టాడు. ఊళ్లో తీసుకెళ్లడానికి ఎవరొస్తారని అడిగాడు.

"ఎవరున్నారని" అన్నాడు దానం.

కౌంటరు దగ్గర పాస్‌పోర్టు తీస్తుంటే నాలుగు మడతల కాగితం ఒకటి జారిపడింది. నోయెల్ వంగి తీశాడు.

రూతు అనే నర్సు చనిపోయాక కూడా ఆమె కణుతి కణాలను జెద్దా ల్యాబులో ఇరవైతొమ్మిదో నంబరు కింద పెంచుకోవచ్చని ఖమీస్ ఆసుపత్రిలో రాసిన ఆ కాగితం మీద, భర్త అని ఉన్నచోట, దానం సంతకం ఉంది.