మొక్కుబడీ, పుదీనా బ్రౌనీలూ

స్వర్ణకుమారి వేలు నోట్లోంచి లాక్కునేసరికే జరగాల్సింది జరిగిపోయింది. నాలుక మీద వెన్న, పంచదార, చల్లటి పుదీనా.

తినాలని కాదు. రేపు ఈస్టర్. కెనడాలో, ఏజాక్స్‌లోని వాళ్ళ తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక ప్రేమవిందు. పిల్లల కోసం పొరల బ్రౌనీలు తెస్తానని మాటిచ్చింది. కింద బ్రౌనీ, మధ్యలో పచ్చటి పుదీనా క్రీము, పైన కరిగించిన చాక్లెట్. వీడియోలో అమ్మాయి 'చాలా ఈజీ' అంటూ చేసేసింది. పుదీనా ఎసెన్స్ ఒక్క చుక్క ఎక్కువైతే టూత్‌పేస్ట్ తిన్నట్టుంటుందని కూడా హెచ్చరించింది. రుచి చూసి చెప్పే కూతురు హోప్ క్వయర్ ప్రాక్టీసుకి వెళ్ళింది. ఇన్నేళ్ళ వంట అలవాటు ఊరుకుంటుందా? వేలు దానంతటదే గిన్నెలోకీ, అక్కణ్ణుంచి నోట్లోకీ వెళ్ళిపోయింది.

క్రిస్టోకి కెనడాలో శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్ వచ్చేదాకా తీపి ముట్టనని ఆమె దేవుడికి మొక్కుబడి చేసుకుంది.

కుటుంబమంతా కెనడా వచ్చేనాటికి వయసు దాటిందని పెద్దకొడుకు క్రిస్టో పేరు కాగితాల్లో చేరలేదు. తర్వాత వాడు స్టూడెంట్‌గా వచ్చి, చదువుకుని, దేశానికి అటు చివరున్న బర్నబీలో ఉద్యోగం తెచ్చుకున్నాడు. వర్క్ పర్మిట్ మే నెలతో అయిపోతుంది. ఈలోగా పీఆర్ రాకపోతే పెట్టె సర్దుకోవాల్సిందే. ఇలాగే తింటే ఇన్సులిన్ తప్పదని డాక్టరు ఎంత మొత్తుకున్నా తీపి మానలేని మనిషి, కొడుకు కోసం జనవరిలో మోకాళ్ళ మీద నుంచి లేస్తూనే మానేసింది. టీలో కూడా పంచదార లేదు. రోజూ పొద్దున్నే ఆమె వేలు గుచ్చి షుగర్ చూసే భర్త జ్ఞానశేఖర్, "నీ ప్రార్థన గట్టిది స్వర్ణా, వదలకు" అని మురిసిపోయేవాడు.

అంత గట్టి మొక్కుబడినీ వేలెడు క్రీముకి అమ్మేసుకుంది.

కళ్ళు తుడుచుకుంటూనే క్రీము పరిచింది, ఫ్రిజ్‌లో పెట్టింది, గట్టిపడ్డాక చాక్లెట్ పోసింది. చాకుని వేడినీళ్ళలో ముంచి ముక్కలు కోసింది. చక్కగా కనబడాలని చెక్కేసిన అంచులు పక్కన పడ్డాయి. ఎలాగూ చెడింది కదా అని ఒక మనసు గొణిగింది. వద్దని ఇంకో మనసు అనేలోపే ఒక అంచు లోపలికి పోయింది. దాని వెనకే ఇంకోటి. ఇన్నాళ్ళ కరువు మరి. గోడవైపు తిరిగితే దేవుడికి కనబడదన్నట్టు, అటు తిరిగి నిలబడి అంచులన్నీ తినేసింది.

"మామ్, ఆర్ యూ ఈటింగ్?"

హోప్ ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది.

"ఛ, లేదమ్మా. కింద పడితే తీస్తున్నా."

"యువర్ టీత్ ఆర్ గ్రీన్" అనేసి మేడ మీదికి వెళ్ళిపోయింది హోప్.

ఈస్టర్ ముందురోజు, కడుపున పుట్టిన పిల్లకి అబద్ధం. స్వర్ణకుమారికి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంతలో హాల్లో జ్ఞానశేఖర్ ఫోన్ మోగింది. ఆయన పేరు చూసుకుని, వంటింటి వైపు ఓ చూపు చూసి, గబగబా గరాజ్‌లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. క్రిస్టోనే. ఈమధ్య తండ్రీకొడుకుల మాటలన్నీ గరాజ్‌లోనే. తను ఫోన్ చేస్తే మాత్రం వాడు, "ప్రాసెస్‌లో ఉంది మమ్మీ, మీటింగుంది" అని పెట్టేస్తాడు.

ఆమె చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వెళ్ళింది.

"మమ్మీకి ఇప్పుడే చెప్పకురా" అంటున్నాడు ఆయన. "తట్టుకోలేదని కాదు... ఇంకొన్నాళ్ళు ఆగు, నా మాట విను."

తను వేలు నాకిన పూటే ఈ ఫోను. దేవుడు ఎంత వెంటనే లెక్క సరిచేశాడు! స్వర్ణకుమారి తలుపు తోసుకుని వెళ్ళింది.

"ఏవండీ, వాడిది రిజెక్ట్ అయింది కదూ?"

జ్ఞానశేఖర్ ఉలిక్కిపడి ఫోన్ కట్ చేశాడు. "ఎవరన్నారు నీకు?"

"దాచకండి. నా వల్లే ఇదంతా. తిన్నానండీ! ముందు వేలే పెట్టాను, తర్వాత ఆపుకోలేకపోయా. హోప్‌కి అబద్ధం కూడా చెప్పా. వాడి నోటికాడ కూడు నేనే లాగేశా."

ఆయన తెల్లబోయి చూశాడు. "ఎన్ని తిన్నావ్?"

"అంచులన్నీ."

"అన్నీనా? అయ్యో, ఇప్పుడు షుగర్ ఎంతకి పోయుంటుందో! పద, ముందు మీటరు..."

"కొడుకు బతుకు పోతుంటే షుగరేంటండీ మీకు!" ఆమె గట్టిగా ఏడ్చేసింది. "దేవుడికిచ్చిన మాట తప్పానండీ. వాడి ముఖం ఎలా చూడను? నన్ను క్షమిస్తాడా వాడు?"

జ్ఞానశేఖర్ అక్కడున్న వింటర్ టైర్ల మీద కూలబడ్డాడు. కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు. భార్య ముఖం చూసే ధైర్యం ఆయనకి చాల్లేదు.

"నువ్వు ఏడవకు స్వర్ణా. నువ్వే తప్పూ చేయలేదు. నీ మంచికే కదా అనుకున్నా. ఇంత ఏడుస్తావనుకోలేదు."

"ఏమంటున్నారు మీరు?"

ఆయన నేలకేసి చూస్తూ అన్నాడు:

"వాడికి పీఆర్ వచ్చి నెలైంది."