ఐదు లెక్కపెట్టాలి

యుద్ధంలో వైర్‌లెస్ సెట్టు మోసినవాణ్ణి. ఇవాళ ఒక్క ఫోన్ చెయ్యడానికి జంకుతున్నాను.

ఇంటివాళ్ళతో మళ్ళీ మాట్లాడటం నేర్పే మా మాజీ సైనికుల శిక్షణలో ఈరోజు నా వంతు. నేర్పేది డాక్టరు కాదు, డ్రైవరన్న. సైన్యంలో బండి నడిపాడు; ఆయనా మాలాగే తిరిగొచ్చి, మనసు కుదుటపడే మాత్రలు మింగుతున్నవాడే. నేను ఫోన్ చేస్తే పక్కగదిలో కూర్చుని, మూడేళ్లుగా నాతో మాట్లాడని మా అమ్మాయిలా నటిస్తాడు.

“అవతల పలక్కపోతే పెట్టెయ్యకు తమ్ముడూ. ఐదు లెక్కపెట్టి మళ్ళీ మాట్లాడు,” అని చెప్పి వెళ్ళాడు.

ఫోన్‌లో పేరు నొక్కాను. ఎత్తారు గానీ పలకలేదు. నా తలలోని గొంతులు “పెట్టెయ్, పెట్టెయ్” అని అరుస్తున్నాయి. ఐదు లెక్కపెట్టాను.

“నేను, నాన్నని తల్లీ. ఆ రోజు తలుపు పగలగొట్టి నిన్ను హడలగొట్టాను. తప్పు నాదే.”

ఊపిరి మాత్రం వినిపించింది. ఫోన్ పెట్టేశాను.

డ్రైవరన్న తలుపు తోసుకుని వచ్చాడు. “ఏం తమ్ముడూ, ఎంతసేపటికీ చెయ్యవేం?”

ఫోన్ చూసుకున్నాను. ఇందాక ఆయన పేరు నొక్కబోయి, దాని కిందున్న మా అమ్మాయి పేరు నొక్కేశాను.

అంతలో ఫోన్ మోగింది. అమ్మాయే.

అవతల పలక్కపోతే ఏం చెయ్యాలో నేర్పాడు. పలికితే ఏం చెయ్యాలో ఇంకా నేర్పలేదు.