ఊడిన బొత్తాం

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు: కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్న దర్శకుడు, కెమెరా ఆయన, లైట్లు పట్టుకునేవాళ్ళు, మేకప్పు అక్క, అందరి మీదా కేకలేసే మేనేజరు, తల్లి వేషంలో ఉన్న నటి. ఇంకా రావలసినవాళ్ళు కూడా ఉన్నారు. చనిపోయిన అబ్బాయి సొంత తల్లిని షూటింగు చూడడానికి పిలిచారు, ఆవిడ కోసం కారు వెళ్ళింది. వెనక కూర్చుని ఏడవడానికి కొందరు నల్ల ఆడవాళ్ళకి కబురు వెళ్ళింది. వాళ్ళు మాత్రం పెరటి గుమ్మంలోంచి రావాలి.

“మళ్ళీ ఏడ్చేశావు,” అన్నాడు దర్శకుడు.

“కొడుకు పోతే ఏడవరా సార్?”

“ఏడుస్తారు. నువ్వు ఏడవట్లేదు, కుళాయి విప్పుతున్నావు.”

నటికి పిల్లల్లేరు. భోజనాల వేళలోగా ఈ దృశ్యం కుదరకపోతే వేషం నిర్మాతగారి మరదలికి పోతుందని మేనేజరు పొద్దున్నే చెవిలో వేశాడు.

కథ అందరికీ తెలిసిందే. నల్లవాళ్ళు బస్సులో వెనకే కూర్చోవాలన్న రోజుల్లో ఒక అబ్బాయి వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాడు. తెల్లవాళ్ళు అక్కడే కొట్టి చంపేశారు. ఆ బస్సులో ఒక పేపరాయన ఉండి ఫోటో తీశాడు కాబట్టి లోకానికి తెలిసింది. ‘ముందు సీట్లో కూర్చున్న మొట్టమొదటివాడు’ అన్న మాటతోనే సినిమా మొదలవుతుంది. ఇప్పుడు తీస్తున్నది ఆ అబ్బాయి బట్టల మూట ఇంటికొచ్చే దృశ్యం.

అప్పుడే వీధి తలుపు దగ్గర ఒక ముసలామె కనిపించింది. నల్లటి మనిషి, తలకి గుడ్డ కట్టుకుంది, చెప్పులు చేత్తో పట్టుకుంది.

“రమ్మన్నారు బాబూ,” అంది.

మేనేజరు గొంతు ఒక్కసారిగా తేనెలో ముంచినట్టయింది. లోపలికి తీసుకొచ్చి దర్శకుడి కుర్చీలోనే కూర్చోబెట్టాడు. ఎవరో టీ తెచ్చారు. మేకప్పు అక్క మెల్లగా ఆవిడ చెయ్యి పక్కన నటి చెయ్యి పెట్టి, రంగు ఇంకాస్త ముదరాలని గొణిగింది. ముసలామె అందరినీ వింతగా చూసింది. ఇంత మర్యాద ఎందుకో ఆవిడకి అంతు పట్టినట్టు లేదు.

నటి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. “అమ్మా, మీ అబ్బాయి గురించి చెప్పండి. నాకు చేతకావట్లేదు.”

“మా వాడి గురించా?” ఆవిడ టీ కింద పెట్టింది. “ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదమ్మా.”

నటికి అయోమయంగా అనిపించింది. పేపర్లన్నీ రాసిన కథ కదా, ఎవరూ అడగకపోవడమేమిటి? పెద్దవయసు, మరిచిపోయి ఉంటారని సరిపెట్టుకుంది.

“బట్టలు ఇంటికి తెచ్చినప్పుడు చాలా ఏడ్చారా?”

“లేదమ్మా. జేబులు వెతికాను.”

“జేబులా?”

“ఉతికే ముందు ఎప్పుడూ వెతికేదాన్నిగా. సుద్దముక్కలు దాచేవాడు దొంగవెధవ, బట్టలన్నీ తెల్లగా చేసేవాడు. ఆ రోజు కూడా వెతికాను. ఒక ముక్క ఉంది. తర్వాత చూస్తే మెడ దగ్గర బొత్తాం ఊడిపోయింది. సూదీ దారం తెచ్చి కుట్టాను. కుట్టాక… ఇంక ఎవరు తొడుక్కుంటారని అప్పుడు తట్టింది.”

దర్శకుడు మూటలోని చొక్కా తీసుకుని మెడ దగ్గర బొత్తాం తనే తెంపేశాడు. కెమెరా తిరిగింది. నటి మూట విప్పి జేబులు వెతికింది. సూదిలో దారం ఎక్కించి బొత్తాం కుట్టింది. పంటితో దారం కొరికి, చొక్కా ఎత్తి పట్టుకుని, దాన్ని ఎవరికి తొడగాలో తెలియక నిలబడిపోయింది. లైట్లు పట్టుకున్న మనిషి కళ్ళు తుడుచుకున్నాడు. “ఇదీ!” అన్నాడు దర్శకుడు. వేషం నిలిచింది.

అంతలో బయట కారు ఆగింది. అందులోంచి ఇంకో ముసలామె దిగింది. తానే ఆ అబ్బాయి తల్లినంది.

ఆవిడకి ఆ దృశ్యం వేసి చూపించారు. చూసి నిట్టూర్చింది. “అమ్మాయి బాగా చేసింది. కానీ మా వాడి బట్టలు నాకివ్వలేదు నాయనా. పోలీసుల దగ్గరే పోయాయి. ఈ బొత్తాం సంగతి ఎవరు చెప్పారు?”

అందరి చూపులూ కుర్చీ వైపు తిరిగాయి.

“ఎవరు నువ్వు?” అన్నాడు మేనేజరు. గొంతులో తేనె ఇంకిపోయింది.

“ఏడవడానికి రమ్మన్నారు బాబూ. పెరటి తలుపు గడియపెట్టి ఉంటే ఇటొచ్చాను.”

“మరి తల్లినన్నావే?”

“తల్లినే బాబూ.”

మెత్తటి కుర్చీ కోసం ఎంత కథ అల్లిందోనని మేకప్పు అక్క బుగ్గలు నొక్కుకుంది. మేనేజరు ఆవిడని వీధి గుమ్మం దాకా తోలుకెళ్ళాడు. నటికి ఏదీ పొంతన కుదరడం లేదు. ఆవిడ చెప్పింది అబద్ధమైతే, బొత్తాం కుట్టాక ఆ చొక్కా ఎవరికి తొడగాలో తనకెందుకు తెలియలేదు? ఆవిడ వెనకాలే పరుగెత్తింది.

“అమ్మా, ఆ చొక్కా నిజంగా ఉందా?”

“పెట్టెలో ఉందమ్మా. బొత్తాం ఇంకా గట్టిగానే ఉంది.” ఆవిడ మెట్టు దిగి చెప్పులు తొడుక్కుంది. “ఆ సార్‌కి చెప్పు, మొట్టమొదటివాడు అని రాయొద్దని.”

“ఎందుకమ్మా? మీ వాడికేమైంది?”

మేనేజరు తలుపు లాగేశాడు. సందు మూసుకునేలోగా ఒక్క మాటే లోపలికి వచ్చింది.

“అదే బస్సమ్మా, ముందురోజు.”